ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో హనీమూన్: రైడ్ల కంటే ముందు ఏం చూసుకోవాలి

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి అది దాదాపు 25,000 ఎకరాలు. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలైంది. 1982లో ఎప్కాట్, 1989లో హాలీవుడ్ స్టూడియోస్, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. ఇవి కాక రెండు వాటర్ పార్కులు, పాతిక దాకా హోటళ్లు, మధ్యమధ్యలో చెరువులూ అడవీ. ఇక్కడికి హనీమూన్‌కి వచ్చిన జంటలు అలసిపోయి చిరాకుపడేది ఒకే కారణంతో: పొద్దున్న ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా రైడ్లతో నింపేసి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి గంట కూడా మిగుల్చుకోరు. కాబట్టి ముందు సాయంత్రాలు ఖాయం చేసుకోండి. రైడ్లు మిగిలిన వేళల్లో సర్దుకుంటాయి.

మొదట తేదీలు. మన ముహూర్తాల నెలలకీ ఓర్లాండో రద్దీకీ ఏ సంబంధమూ లేదు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మాఘంలో పెళ్లయితే హనీమూన్ ఫిబ్రవరిలో పడుతుంది. ఆ నెల మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే, దాని చుట్టూ ఉన్న వారమంతా కిటకిట. ఫాల్గుణం పెళ్లిళ్లకి మార్చి మధ్య నుంచి ఈస్టర్ దాకా స్కూళ్ల సెలవులు అడ్డం. వైశాఖం వాళ్లకి మే మొదటి మూడు వారాలు బాగుంటాయి, నెలాఖరు సోమవారం మెమోరియల్ డే రాకముందే ముగించుకోవాలి. ఆషాఢంలో కొత్త దంపతులు కలిసి ఉండకూడదనే ఆచారం పాటించే ఇళ్లవాళ్లకి ఆ నెల ఓర్లాండో తప్పిపోయినా నష్టమేమీ లేదు: ఎండ, ఉక్కపోత, పిల్లల సెలవుల రద్దీ అన్నీ అప్పుడే. శ్రావణం పెళ్లిళ్లవాళ్లు అదృష్టవంతులు. ఆగస్టు ఆఖరి వారం నుంచి సెప్టెంబరు చివరి దాకా హోటల్ ధరలు ఏడాదిలోకెల్లా తక్కువగా ఉంటాయి, క్యూలు చిన్నవి. కార్తీకం, మార్గశిరం అయితే నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ వారం వదిలేసి డిసెంబరు మొదటి పది రోజులు చూసుకోండి. క్రిస్మస్ అలంకరణ అంతా ఉంటుంది, క్రిస్మస్ జనం ఇంకా రారు. డిసెంబరు 25 నుంచి జనవరి 1 వరకు మాత్రం ఎవరు చెప్పినా వెళ్లకండి.

సెప్టెంబరుకి ఒక చిక్కుంది. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపాన్ల కాలం. మీరు చేరే రోజుకి ముందు ఏడు రోజుల్లోపు ఓర్లాండోకి గానీ మీరు ఉండే ఊరికి గానీ జాతీయ హరికేన్ కేంద్రం తుపాను హెచ్చరిక ఇస్తే, డిస్నీ దగ్గర నేరుగా బుక్ చేసినవాటిని రుసుము లేకుండా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. విమాన టికెట్ సంగతి వేరే, దానికి ప్రయాణ బీమా తీసుకోండి. ఇంకొకటి: ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు ఆఖరు వరకు కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో హాలోవీన్ పార్టీలు ఉంటాయి, వాటికి టికెట్ వేరు. ఆ రోజు మామూలు టికెట్‌వాళ్లని సాయంత్రం ఆరుకే బయటికి పంపుతారు, రాత్రి బాణసంచా కనబడదు. నవంబరు, డిసెంబరుల్లో క్రిస్మస్ పార్టీలకీ ఇదే పద్ధతి. పార్టీ రోజున పగలు రద్దీ తక్కువ కాబట్టి రైడ్లకి ఆ పగలూ, బాణసంచాకి పార్టీ లేని మరో రాత్రీ పెట్టుకుంటే రెండూ దక్కుతాయి.

హెచ్-4 వీసా (అమెరికాలో హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) స్టాంపింగ్ మీద ఆధారపడ్డ జంటలు డబ్బు కట్టే పద్ధతిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. హోటల్, టికెట్లు కలిపిన ప్యాకేజీ అయితే 200 డాలర్ల డిపాజిట్‌తో మొదలుపెట్టి, మిగతాది 30 రోజుల ముందు కట్టాలి. ఆ గడువు దాటాక రద్దు చేస్తే 200 డాలర్లు పోతాయి, చివరి నిమిషంలో అయితే అంతా పోతుంది. గది ఒక్కటే బుక్ చేస్తే ఒక రాత్రి అద్దె ముందు కడితే చాలు, వారం ముందు వరకు రద్దు చేసుకున్నా పూర్తిగా తిరిగి ఇస్తారు. తేదీ ఖాయం కానివాళ్లకి ఇదే మేలు. పార్కు టికెట్లకి డబ్బు వెనక్కి రాదు, అయితే వాడని టికెట్ విలువని తర్వాత వేరే తేదీకి మార్చుకోవచ్చు. పాస్‌పోర్టు చేతికొచ్చాక టికెట్లు కొన్నా ఆలస్యమేమీ కాదు. 2024 జనవరి నుంచి తేదీ వేసిన టికెట్లకి విడిగా పార్కు రిజర్వేషన్ అక్కర్లేదు.

ఒక్క రోజు టికెట్ పార్కునీ రోజునీ బట్టి సుమారు 120 నుంచి 200 డాలర్ల దాకా ఉంటుంది. రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడే ఖర్చు తగ్గుతుంది. ఐదు రాత్రులుంటే మూడు రోజుల టికెట్ చాలు. దిగిన రోజుకి టికెట్ కొనొద్దు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి గడియారంలో వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటల తేడా ఉంటుంది. దిగిన సాయంత్రానికి కళ్లు మూతలు పడుతుంటాయి, పార్కులో కట్టిన డబ్బంతా బెంచీ మీద కునుకుకే సరిపోతుంది.

గది దగ్గర ఎక్కువమంది చూసుకోనిది మంచం. డిస్నీ హోటళ్లు చాలావరకు కుటుంబాల కోసం కట్టినవి కాబట్టి మామూలు గదిలో రెండు క్వీన్ మంచాలుంటాయి. కింగ్ మంచం కావాలంటే బుకింగ్‌లోనే ‘కింగ్ బెడ్’ అని రాసి ఉన్న గది ఎంచుకోవాలి. ‘రిక్వెస్ట్’ పెట్టి వదిలేస్తే హామీ ఉండదు. మధ్యస్థం ధరలో కొరొనాడో స్ప్రింగ్స్ బాగుంటుంది, ముఖ్యంగా 2019లో కట్టిన గ్రాన్ డెస్టినో టవర్. పోర్ట్ ఓర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్ చిన్నది, ప్రశాంతంగా ఉంటుంది. తక్కువ ధరలో అయితే పాప్ సెంచరీ. కేబుల్ కార్ల వరుస స్కైలైనర్ దాని ముంగిట్లోనే ఉంది, ఎప్కాట్‌కీ హాలీవుడ్ స్టూడియోస్‌కీ బస్సు అవసరం లేదు. రివియెరాలో ‘టవర్ స్టూడియో’ అని ఇద్దరికి మాత్రమే సరిపోయే గదులున్నాయి. మంచం గోడలోకి మడుచుకుంటుంది, గది ఇరుకే, అయితే ఆ హోటల్లో దానికంటే చవక గది లేదు.

డబ్బు ఒక్కచోట ఎక్కువ పెట్టదలిస్తే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సవానా వైపు గదికి పెట్టండి, కనీసం రెండు రాత్రులు. బాల్కనీలో కాఫీ తాగుతుంటే కింద జిరాఫీలు, జీబ్రాలు మేస్తుంటాయి. ఆ పూట పార్కుకి వెళ్లకపోయినా వెలితి ఉండదు. హనీమూన్‌కి అంతకంటే సరైన గది ఈ 25,000 ఎకరాల్లో లేదని నా గట్టి అభిప్రాయం. లోటల్లా రవాణా: ఎక్కడికెళ్లినా బస్సే. ఖరీదైన హోటళ్లలో విల్లాలని, డిస్నీ వెకేషన్ క్లబ్ (ఏటా కొన్ని రాత్రుల బసని ముందే కొనుక్కునే పథకం) సభ్యుల పాయింట్లు అద్దెకి తీసుకుని తక్కువలో పొందవచ్చు గానీ, ఆ డబ్బు మామూలుగా తిరిగి రాదు. వీసా అనుమానమున్నవాళ్లు అటు పోవద్దు. ఏ గదికైనా అద్దె మీద దాదాపు 12.5 శాతం పన్ను పడుతుందని లెక్కలో వేసుకోండి.

ఇక సాయంత్రాలు. భోజనానికి బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిస్నీ హోటల్లో దిగేవాళ్లు చెకిన్‌కి 60 రోజుల ముందే, ఉండబోయే రోజుల్లో పది రోజుల వరకు ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. అది తెరుచుకునేది అమెరికా తూర్పు సమయం పొద్దున్న ఆరు గంటలకి, అంటే మనకి వేసవిలో మధ్యాహ్నం 3:30, చలికాలంలో 4:30. కాంటెంపరరీ హోటల్ పై అంతస్తులో ఉన్న కాలిఫోర్నియా గ్రిల్ లాంటివి త్వరగా నిండిపోతాయి, దాని కిటికీల్లోంచి మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా కనిపిస్తుంది. మీ తేదీల్లో చివరి రోజుది ముందు ప్రయత్నించండి, 60 రోజుల గడువు మాత్రమే ఉన్నవాళ్లకి ఆ రోజు ఇంకా తెరుచుకోదు కాబట్టి పోటీ తక్కువ. దొరక్కపోతే వదిలేయకుండా వెళ్లే ముందు రోజు మళ్లీ చూడండి. చాలా రెస్టారెంట్లలో రెండు గంటల ముందు వరకు రద్దు చేసుకునే వీలుంది కాబట్టి ఆఖర్లో టేబుళ్లు ఖాళీ అవుతుంటాయి. చెప్పకుండా వెళ్లకపోతే మనిషికి 10 డాలర్లు కార్డులోంచి లాగేస్తారు.

శాకాహారులు సనా పేరు రాసి పెట్టుకోండి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని కిడాని విలేజ్‌లో ఉంది, ఆఫ్రికా, భారత రుచులు కలిపిన వంట. అక్కడ రకరకాల రొట్టెలు, పక్కన చట్నీలు, పచ్చళ్లతో వచ్చే బ్రెడ్ సర్వీస్ ఇద్దరికీ కడుపు నిండుతుంది. పగటి వెలుగు ఉండగా వెళ్తే కిటికీ అవతల జంతువులు కనిపిస్తాయి. మిగతా చోట్ల మెనూలో ఆకు గుర్తుంటే అది పూర్తిగా మొక్కల నుంచి వచ్చిన ఆహారం. గుర్తు లేని సూపులూ సాసులూ బీన్సూ విషయంలో మాంసం రసం, కొవ్వు, చేపల సాస్ కలిపారేమో అడిగి తీసుకోండి. బుకింగ్‌లో రాసి ఉంచితే చాలా రెస్టారెంట్లలో చెఫ్ వచ్చి మాట్లాడతారు.

పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు, ఇది చాలామందికి తెలియదు. పులిహోర, చపాతీ, జంతికలు నిక్షేపంగా పట్టుకెళ్లండి. గాజు సీసాలు, విడి ఐసు గడ్డలు, మద్యం కుదరవు. పచ్చడి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోవాలి. కౌంటర్ రెస్టారెంట్లలో చల్లటి మంచినీళ్ల గ్లాసు ఉచితం. మామూలు గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, మైక్రోవేవ్ ఉండదు, కింద ఫుడ్ కోర్టులో వేడి చేసుకోవచ్చు.

భోజనం వేరే హోటల్లో అయితే సమయం ఎక్కువ పెట్టుకోండి. హోటల్ నుంచి హోటల్‌కి నేరుగా బస్సుల్లేవు, పార్కుకో, షాపులూ రెస్టారెంట్లూ ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌కో వెళ్లి మారాలి. గంట, ఒక్కోసారి గంటంపావు పడుతుంది. టేబుల్ పోగొట్టుకునే జంటలు ఎక్కువగా ఇక్కడే పోగొట్టుకుంటారు. ఆ పూట క్యాబ్ మాట్లాడుకోవడమే మంచిది.

డబ్బు ఖర్చు కాని సాయంత్రాలు కూడా ఉన్నాయి. పాలినేషియన్ హోటల్ ఒడ్డున ఇసుకలో కూర్చుంటే చెరువు అవతల మ్యాజిక్ కింగ్‌డమ్ కోట మీద బాణసంచా కనిపిస్తుంది, దానికి పార్కు టికెట్ అక్కర్లేదు. ఎప్కాట్ వెనక బోర్డ్‌వాక్, యాట్ క్లబ్, బీచ్ క్లబ్ హోటళ్ల మధ్య చెరువు చుట్టూ నడక దారి ఉంది. టికెట్ లేని రోజున ఇంతకంటే మంచి నడక లేదు.

క్యూ దాటించే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌కి డబ్బు విడిగా కట్టాలి, ధర రోజుని బట్టి మారుతుంది. డిస్నీ హోటల్లో ఉండేవాళ్లు చెకిన్‌కి ఏడు రోజుల ముందు, బయట ఉండేవాళ్లు పార్కుకెళ్లే రోజుకి మూడు రోజుల ముందు పొద్దున్న 7కి మూడేసి రైడ్లు ఎంచుకోవచ్చు. మనకది వేసవిలో సాయంత్రం 4:30. పెళ్లయిన వెంటనే బయల్దేరేవాళ్లకి ఈ ఏడు రోజుల ముందు అన్నది సరిగ్గా పెళ్లి హడావుడిలో పడుతుంది. లాగిన్ వివరాలు ముందే నమ్మకమైన తమ్ముడికో వదినకో ఇచ్చి, ఏ రైడ్లు కావాలో వరుసగా రాసిపెట్టండి. హాలీవుడ్ స్టూడియోస్, మ్యాజిక్ కింగ్‌డమ్‌లకి కొనడం దండగ కాదు. యానిమల్ కింగ్‌డమ్‌కి అవసరం లేదు. హోటల్లో ఉండేవాళ్లని పార్కు తెరిచే వేళకి అరగంట ముందే లోపలికి పంపుతారు, ఆ అరగంటలో అక్కడి ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ రైడ్‌కి వెళ్లిపోండి.

మూడు పార్కు రోజుల్లో పొద్దున్నే లేవడం ఒక్క రోజుకి, మహా అయితే రెండు రోజులకి పెట్టుకోండి. వేసవిలో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య ఉరుములతో వాన మామూలే. అప్పుడు ఆరుబయట రైడ్లు ఆగుతాయి, ఈతకొలను ఖాళీ చేయిస్తారు, స్కైలైనర్ కూడా ఆపేస్తారు. ఒంటిగంటకల్లా గదికొచ్చి పడుకుని, వాన వెలిశాక ఆరింటికి మళ్లీ వెళ్లడం అన్నివిధాలా నయం.

కొత్త పెళ్లికూతురి విషయంలో మగపిల్లలు కూడా చదవాల్సినవి కొన్ని. రోజుకి 12 నుంచి 15 కిలోమీటర్ల నడక ఉంటుంది. కొత్త మెట్టెలు బూట్లలో ఒరుసుకుని మొదటి రోజే బొబ్బలెక్కుతాయి. వెడల్పాటి బూట్లు వారం ముందు నుంచే తొడుక్కోవాలి, మెట్టెల మీద మెత్తటి టేపు చుట్టుకోవాలి. పొడుగాటి మంగళసూత్రం బదులు పొట్టి నల్లపూసలు రోలర్ కోస్టర్లకి మేలు. పార్కు గేటు దగ్గర వేలు స్కాన్ చేస్తారు. వేళ్ల చివర గోరింటాకు వల్ల అది పడకపోతే కంగారు పడొద్దు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే పంపుతారు. హోటల్ రిసెప్షన్‌లో గానీ గెస్ట్ రిలేషన్స్‌లో గానీ అడిగితే కొత్త దంపతులకి బటన్ బ్యాడ్జీ ఉచితంగా ఇస్తారు, పెట్టుకుని తిరిగితే దారి పొడుగునా శుభాకాంక్షలే. పార్కు ఫొటోగ్రాఫర్లని అడిగితే మీ ఫోన్‌తో కూడా డబ్బు తీసుకోకుండా ఫొటో తీస్తారు.

విమానాశ్రయం నుంచి డిస్నీ ఉచితంగా నడిపిన బస్సు 2022 మొదట్లోనే ఆగిపోయింది, పాత సలహాలు నమ్మి వెతక్కండి. దూరం 30 కిలోమీటర్లు అటూ ఇటూ, క్యాబ్‌లో అరగంట. తిరుగు ప్రయాణం రోజున గది 11 గంటలకి ఖాళీ చేయాలి. సామాను బెల్ సర్వీసెస్‌లో వదిలేసి, విమానం రాత్రికైతే పగలంతా హోటల్ ఈతకొలను దగ్గరో డిస్నీ స్ప్రింగ్స్‌లోనో గడపవచ్చు. స్ప్రింగ్స్‌కి ప్రవేశ రుసుము లేదు. విమానాశ్రయంలో తనిఖీ క్యూలు పెద్దవి, మన దేశానికి వెళ్లేవాళ్లు హోటల్ నుంచి కనీసం నాలుగు గంటల ముందు బయల్దేరండి.