నైజీరియా సహకార శాఖకు మనుషులెలా దొరికారు: లండన్ ఆర్కైవ్స్‌లో నా అనుభవం

సహకార శాఖలో జూనియర్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి డిప్యూటీ రిజిస్ట్రార్‌గా రిటైరయ్యాను. సర్వీసంతా నన్ను బాధపెట్టింది ఖాళీ కుర్చీలే. పదిమంది చేయాల్సిన పని ముగ్గురం నెట్టుకొచ్చేవాళ్లం. పోయినేడు లండన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ మాటే బుర్రలో తిరిగింది. 1904 సహకార పరపతి సంఘాల చట్టంతో మన దగ్గర మొదలైన పద్ధతినే బ్రిటిష్‌వాళ్లు తర్వాత ఆఫ్రికాకీ తీసుకెళ్లారు కదా, అక్కడ కొత్త ఆఫీసులో కూర్చోడానికి మనుషుల్ని ఎక్కడినుంచి తెచ్చారు? నైజీరియాతో మొదలుపెట్టాను.

బ్రిటిష్ వలస రాజ్యాల శాఖ (కలోనియల్ ఆఫీస్) ఫైళ్లు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అసలు కాగితాలు చూడాలంటే రీడర్ టికెట్ తీసుకోవాలి. పాస్‌పోర్టుతోపాటు అడ్రసు రుజువు కావాలన్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్ ముందే ప్రింట్ తీసుకెళ్లడం మంచిదైంది. బ్యాగు లాకర్లో పెట్టాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు.

అసలు టెన్షన్ వెతకడంలో ఉంది. సహకార శాఖ పెద్దని రిజిస్ట్రార్ అంటారు. కేటలాగులో ఆ మాట కొడితే జననమరణాల రిజిస్ట్రార్లు, కోర్టు రిజిస్ట్రార్లు వచ్చిపడ్డారు. ఒక రోజంతా అలాగే పోయింది. కౌంటర్లో ఉన్నావిడ ఓపిగ్గా చెప్పింది: సిబ్బంది సంగతి ఒక్క ఫైల్లో ఉండదు, నైజీరియా ఉత్తరాల వరుస సీఓ 583 తీసుకుని వ్యవసాయం, చట్టాలు రెండు వైపులా చూడండి అని. అప్పుడు దారి దొరికింది.

వ్యవసాయం వైపు ఎందుకో చదివాక తెలిసింది. అక్కడ సహకారం పుట్టింది అప్పుల దగ్గర కాదు, కోకో దగ్గర. కాయలు కొట్టి, గుజ్జుతో ఉన్న గింజల్ని కుప్పపోసి, అరటాకులు కప్పి కొన్ని రోజులు పులియబెట్టి ఎండబెడితేనే మంచి ధర. 1920ల్లో ఆ పని నేర్పడానికి వెళ్లిన వ్యవసాయ శాఖవాళ్లే రైతుల్ని కలిపి అమ్మకం సంఘాలు పెట్టించారు. అంటే సహకార ఆఫీసు లేకముందే సహకార సిబ్బంది ఉన్నారు, వేరే పేరుతో.

తర్వాత స్ట్రిక్‌లాండ్ వచ్చారు. పంజాబ్‌లో సహకార రిజిస్ట్రార్‌గా చేసిన ఐసీఎస్ అధికారి. నైజీరియాలో సహకార సంఘాలు పెట్టడం మీద 1934లో ఆయన రిపోర్టు, 1935లో అక్కడ సహకార చట్టం. మొదటి రిజిస్ట్రార్ మేజర్ హేగ్. నైజీరియాలోని ఇబాడాన్ నగరం దగ్గరి గ్బెడున్ కోకో రైతుల సంఘానికి రిజిస్ట్రేషన్ అయింది 1937లో. చట్టానికీ ఆ రిజిస్ట్రేషన్‌కీ మధ్య రెండేళ్ల ఎడం చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. మాకైతే జీవో వచ్చిన నెలకే టార్గెట్ వచ్చేది.

ఇంకో తేదీ కూడా నా నోట్‌బుక్‌లో గీత గీసి రాసుకున్నాను: ఇబాడాన్‌లో సహకార శిక్షణ మొదలైంది 1943లో. నా లెక్కలో శాఖ నిజంగా నిలబడింది అప్పుడే. రిజిస్ట్రార్ ఒక్కడు ఊరూరూ తిరగలేడు. తిరిగేది ఇన్‌స్పెక్టరు.

నా మొదటి పోస్టింగు గుర్తొచ్చింది. పశ్చిమ గోదావరిలో ఒక చిన్న సొసైటీ. సెక్రటరీగారు మంచివారే, కానీ అప్పులన్నీ జేబు డైరీలో రాసేవారు. మూడు సాయంత్రాలు పక్కన కూర్చుని క్యాష్ బుక్ రాయించాను. మూడో రోజు ముగింపు నిల్వ, పెట్టెలో డబ్బు పైసాతో సహా సరిపోయాయి. ఆయన పెట్టె మూసి మళ్లీ తెరిచి ఇంకోసారి లెక్కపెట్టుకున్నారు. "బాబూ, ఇది నేనే రాశానంటారా?" అన్నారు. ఇన్‌స్పెక్టరు పనంటే నాకు అదే. ఆడిట్, ఎన్నికలు, సహకార చట్టం 51వ సెక్షన్ కింద సొసైటీల మీద విచారణలు ఆ తర్వాతి సంగతి. ఇవాళ మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలకి ఆ మూడు సాయంత్రాలు కూర్చునే తీరిక ఇవ్వడం లేదు. పోస్టులు నింపితే చాలదు, నేర్పడానికి టైమివ్వాలి.

నాలుగు రోజుల్లో గవర్నర్లు, రిజిస్ట్రార్ల సంతకాలు ఎన్నో చూశాను. సైకిలు తొక్కుకుంటూనో, నడిచో ఊళ్లకెళ్లి లెక్కలు నేర్పిన ఆఫ్రికన్ ఇన్‌స్పెక్టర్ల పేర్లు మాత్రం నేను తెరిచిన ఫైళ్లలో కనబడలేదు. లండన్‌కి వెళ్లే ఉత్తరాల్లో కిందిస్థాయి పేర్లు ఎందుకుంటాయి? నైజీరియా జాతీయ ఆర్కైవ్స్ శాఖ ఒకటి ఇబాడాన్ విశ్వవిద్యాలయంలోనే ఉంది. అక్కడికి ఉత్తరం రాశాను.