పాపెల్ పికాదోలో "అవ్వ": ఎనిమిది వారాల లెక్క

సెప్టెంబరు 7, ఆదివారం

తొనాలా సంతకు మట్టి కుండీల కోసం పోయి, కుండీలు మరిచి కాగితం తోరణాలు రెండు కొనుక్కొచ్చాను. ఈ నెల 16న మెక్సికో స్వాతంత్ర్య దినం కదా, అంగళ్లలో అన్నీ ఆకుపచ్చ, తెలుపు, ఎరుపే. వీటిని పాపెల్ పికాదో అంటారు. గ్వాదలహారా వచ్చి మూడేళ్లయినా ఇవన్నీ మిషన్లో కొట్టిన ప్లాస్టిక్ అనుకునేదాన్ని. ప్లాస్టిక్‌వీ ఉన్నాయి, వానకు తడవవని వీధుల్లో అవే కడతారు. నేను కొన్నవి మాత్రం ఉల్లిపొర లాంటి కాగితం. దాంట్లో పావురాలు, పూలు, అంచుకు జాలీ.

మా పై ఇంటి సెన్యోరాది (సెన్యోరా అంటే అమ్మగారు) ప్వెబ్లా రాష్ట్రం. తోరణం చూడగానే "ఇది ఉలి పని, మిహా" అంది. మిహా అంటే మన "అమ్మీ" లాంటి పిలుపు. వాళ్ల ఊరికి దగ్గర్లోనే సాన్ సాల్వదోర్ విస్కొలోత్లా. ఈ పనికి పుట్టిల్లని చెప్పుకునే ఊరు అది, 1998లో ప్వెబ్లా ప్రభుత్వం ఈ కళను రాష్ట్ర వారసత్వంగా ప్రకటించింది. అక్కడి పనివాళ్లు 50 కాగితాల దాకా ఒక దొంతిగా పెట్టి, అడుగున సీసం రేకు వేసి, రకరకాల ఉలులతో కొడతారు. నవంబరులో చనిపోయినవాళ్ల కోసం ఇళ్లలో ఒఫ్రెందా (ఫొటో, తిండి, పూలు పెట్టే బల్ల) పెట్టేటప్పుడు ఈ తోరణాలే పైన కడతారు. ఈసారి మా అవ్వకు నేనే కోసి కట్టాలని అప్పుడే అనుకున్నాను.

సెప్టెంబరు 14

కొన్నవి: పాపెల్ దె చీనా (ఇక్కడ టిష్యూ కాగితం పేరు అదే, ఒకప్పుడు మనీలా ఓడల్లో ఆసియా నుంచి వచ్చిన సరుకు) 50×75 సెంటీమీటర్లవి పది షీట్లు, సన్నమొన బ్లేడు కత్తి ఒకటి, కోత చాప ఒకటి. ఒక్కో షీటును నాలుగు చేస్తే 25×37 ముక్కలు వస్తాయి.

ఎనిమిది ముక్కలు దొంతి పెట్టి, పైన గీసిన కాగితం ఉంచి కోశాను. పై మూడు బాగా వచ్చాయి. నాలుగో దాని నుంచి కాగితం కత్తి వెంట లాగుకుపోయింది. అడుగుది చూస్తే ఎలుక కొరికినట్టుంది. రెండు తప్పులు అర్థమయ్యాయి. నాలుగు అంచులా స్టేప్లర్ కొట్టలేదు. పెద్ద ముక్కలు ముందు తీసేశాను, దాంతో మిగతా కాగితం పట్టు వదిలేసింది. లోపలి చిన్న చిన్న కోతలు ముందు, పెద్దవి చివర, బయటి అంచు అన్నిటికన్నా చివర. దీన్ని గోడ మీద రాసి పెట్టుకున్నాను.

సెప్టెంబరు 21

ఈ రోజు మహాలయ అమావాస్య. ధర్మవరంలో మామ తర్పణం వదిలాడు. అమ్మ, అత్త వంట చేశారు. ఆడవాళ్లకు ఆ రోజు పనంతా పొయ్యి దగ్గరే. నా తోరణం సంగతి చెబితే, ఇక్కడి తోరణాల్లో పుర్రె బొమ్మలుంటాయని విన్న అమ్మ "ఏమే, అవ్వ ఫొటో ముందర పుర్రెలు పెడతావా? బుద్ధుందా?" అంది. పుర్రెలు లేకుండానే చేస్తానని చెప్పాను. ఇక్కడి వాళ్లకు పుర్రె అపశకునం కాదని, చక్కెరతో చేసి, నుదుటి మీద పేరు రాసి పిల్లలకు కూడా ఇస్తారని చెప్పబోయాను. ఫోన్ పెట్టేసింది.

సెప్టెంబరు 28

కత్తి పక్కన పెట్టాను. అంగడిలో 6, 12 మిల్లీమీటర్ల వడ్రంగి ఉలులు రెండు, తోలుకు చిల్లులు పొడిచే గుండ్రటి పంచ్‌ల సెట్టు ఒకటి కొన్నాను. సీసం రేకు మాత్రం వద్దనుకున్నా, ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంది. పాత ప్లాస్టిక్ కూరగాయల బోర్డు బోర్లించి వాడాను, ఉలి మొన పోలేదు. సుత్తి బరువుది కావాలి. తేలిక సుత్తితో రెండు మూడుసార్లు కొట్టాల్సి వస్తుంది, రెండో దెబ్బకే కాగితం జరుగుతుంది. ఒక్క దెబ్బ, ఉలి నిటారుగా.

పన్నెండు కాగితాలు కొడుతుంటే ఈ చప్పుడు ఎక్కడో విన్నాననిపించింది. నిమ్మలకుంట! మా ఊరికి దగ్గరే. అక్కడ తోలుబొమ్మలు చేసేవాళ్లు మేకతోలు మీద ఇలాగే ఉలులతో చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం పెడితే బొమ్మ నగలన్నీ ఆ చిల్లుల్లోంచే మెరుస్తాయి. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్లినప్పుడు నేను బొమ్మలే చూశాను, చేతుల్ని చూడలేదు. ఇప్పుడు ఏడుపొస్తోంది.

అక్టోబరు 5

బొమ్మ ఖాయం చేశాను. మధ్యలో నాడె (మగ్గం మీద అడ్డ పోగును అటూ ఇటూ తీసుకుపోయేది), దాని రెండు పక్కలా మామిడి పిందెలు, కింద పెద్ద అక్షరాలతో "అవ్వ". అవ్వ ముప్పై ఏళ్లు పట్టుచీరలు నేసింది. నాడె కుడి నుంచి ఎడమకు పోయేలోపల నోట్లో వక్కాకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చేది.

నాడె సులువు. అక్షరాలే చంపేశాయి. ఇంగ్లీషు అక్షరాల్లో గీతలెక్కువ, మనవన్నీ గుండ్రాలు. వ చుట్టూ కోస్తే లోపలి గుండ్రం కాస్తా ఊడి కింద పడింది. మిగిలింది అక్షరం కాదు, బొక్క. కాబట్టి వంతెనలు వదలాలి, అంటే లోపలి ముక్కను బయటి కాగితంతో కలిపే సన్న పట్టీలు. 2 మిల్లీమీటర్లు పెడితే తెగాయి, 5 పెడితే అక్షరం చదవడానికి రాలేదు. 3 నుంచి 4 మధ్య సరిపోయింది. వ కి రెండు వంతెనలు, పైన ఒకటి, కింద ఒకటి. వత్తు చిన్నది, అందులో ఉలి పట్టదు, గుండ్రటి పంచ్‌తో వరసగా చుక్కలు పొడిచాను. ముగ్గు చుక్కల్లా కనిపించి, అనుకున్నదానికంటే బాగుంది.

అక్టోబరు 12

ఇంకా వానలే. తేమకు కాగితం మెత్తబడి ఉలి కింద నలిగింది, కోయలేదు. తడి వేలు తగిలిన ఊదా కాగితం రంగు వదిలి చేయంతా వంకాయలా అయింది.

అక్టోబరు 19

ఎండ వచ్చింది. పన్నెండు కాగితాల దొంతి, నాలుగు అంచులా స్టేప్లర్, మూడు గంటలు. పది కాగితాలు నిలిచాయి! అడుగు రెండింటిలో వ వంతెన తెగింది. వాటిని అతికించను, చూసి నేర్చుకోడానికి ఉంచుకుంటాను.

దారానికి అతకడానికి మొదట మైదా గంజి వాడాను. తడికి కాగితం ముడతలు పడింది. గ్లూ స్టిక్ వాడండి. కొలతలివీ: పైన 2 సెంటీమీటర్లు మడత, కాగితానికి కాగితానికి మధ్య 3 సెంటీమీటర్లు. ఎనిమిది కాగితాలకు 3.2 మీటర్లు వస్తుంది. కట్టుకోవడానికి రెండు కొసల్లో అరమీటరు చొప్పున వదిలితే దారం 4.2 మీటర్లు. ఊదా, నారింజ ఒకటి విడిచి ఒకటి వేశాను. ఇక్కడ ఊదా దుఃఖపు రంగు. నారింజ బంతిపూలది.

అక్టోబరు 26

చక్కెర పుర్రెలు ఎలా చేస్తారో ఒకసారి చూద్దామని సెన్యోరాతో కూచున్నాను. కిలో చక్కెర, ఐదు టీస్పూన్ల మెరాంగ్ పొడి (గుడ్డు తెల్లసొనతో చేసే పొడి), ఐదు టీస్పూన్ల నీళ్లు. పిడికిట్లో నొక్కితే తడి ఇసుకలా నిలవాలి. అచ్చులో గట్టిగా కూరి, అట్టమీద బోర్లించి, రాత్రంతా ఆరబెట్టాలి. తొలూకా పనివాళ్లు పాకం కాచి అచ్చుల్లో పోసి చేస్తారట, అది మన వల్ల కాదు. నావి రెండిట్లో ఒకటి పగిలింది, రెండోది ఆమెకే ఇచ్చేశాను.

నవంబరు 1

ఈ రోజు చనిపోయిన పిల్లల కోసం, రేపు పెద్దల కోసం. బంతిపూలు తెచ్చాను, రెండు పెద్ద కట్టలు. వీటిని సెంపసూచిల్ అంటారు, నావాత్ల్ భాషలో "ఇరవై పూలు" అని, అంటే బోలెడు రేకులని. బంతికి సొంతూరు మెక్సికోనే. మన గుమ్మాలకు అది వలస వచ్చింది. నాకేమో ఈ దేశంలో ఇదొక్కటే మన పువ్వు అనిపించేది.

బల్ల మీద తెల్ల గుడ్డ, అవ్వ ఫొటో, నీళ్ల గ్లాసు, ఉప్పు, కొవ్వొత్తులు, పాన్ దె మ్యుయెర్తో రొట్టె. ఉగ్గాణి చేశాను, బొరుగులు ఇండియా నుంచి తెచ్చుకున్నవే. తమలపాకు దొరకలేదు. బజారులో ఓహా సాంతా అనే ఆకు ఉంది, తమలపాకు కుటుంబమే, వాసన వేరు. అదే పెట్టి పక్కన వక్క పెట్టాను. అవ్వ తిడుతుంది, తిట్టనీ. కోపాల్ పొగ వేస్తే అచ్చం సాంబ్రాణి కాదు గానీ దాని పిన్నమ్మ కూతురు.

నవంబరు 2

ఉదయం తొమ్మిదికి, అంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు, అమ్మకు వీడియో కాల్ చేశాను. పుర్రె ఉందేమోనని ముందు బల్లంతా చూసింది. తర్వాత పైకి చూసింది. కిటికీ తెరిచే ఉంది, తోరణం ఊగుతోంది, వెలుగు కాగితాల్లోంచి పడి గోడ మీద "అవ్వ" అటూ ఇటూ కదులుతోంది. కొన్ని తలకిందులుగా, కొన్ని వెనక నుంచి. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

"మరి మీ తాతకేదే?" అంది.

ఊదా కాగితాలు ఇంకా ఆరున్నాయి. త కి వంతెన ఎక్కడ వదలాలో పెన్సిల్‌తో గీసి చూస్తున్నాను.