ఖాళీ బండితో ఎడారికి

మా బావకి ఒడిశాలోని రాయగడలో లారీలున్నాయి. పేపర్ మిల్లుకి నీలగిరి కర్ర, సాలూరు నుంచి కోరాపుట్‌కి సిమెంటు, తిరుగుబండిలో ఏది దొరికితే అది. లోడు లేకుండా బండి కదిలితే ఆ పూట ఆయనకి అన్నం సయించదు. అలాంటి మనిషిని, కేజీ సరుకు కూడా లేకుండా రెండువేల కిలోమీటర్లు డీజిల్ కాల్చుకుంటూ వెళ్లి, ఇసుకలో బండి తోలి, ఉత్తచేతులతో తిరిగొచ్చే పనికి ఒప్పించడమంటే మాటలు కాదు. గుణుపూర్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఒప్పించాడు. వాడి దగ్గర ఫోర్ బై ఫోర్ థార్ ఉంది, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే జీపు. జైసల్మేర్ ఎడారిలో గైడ్ వెనకాల కాన్వాయ్‌గా ఎవరి బండి వాళ్లు తోలుకునే యాత్ర ఉందని తెలిసి మా అందరి పేరునా ముందే డబ్బులు కట్టేశాడు. "డబ్బులిచ్చి మళ్లీ మనమే తోలాలేటి? ఇదేటి బేరంరా?" అని బావ నవ్వాడు గానీ, కట్టింది వెనక్కి రాదని తెలిశాక సంచి సర్దాడు.

వెళ్లిన దారి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. భవానీపట్నం, రాయపూర్, నాగపూర్, ఇండోర్, ఉదయపూర్, జోధ్‌పూర్. జోధ్‌పూర్ దాటాక చెట్లు పొట్టివైపోయాయి, పోఖరణ్ దాటాక గాలిమరలు మొదలయ్యాయి. బంకుల్లో ఓడీ-18 నంబరు చూసి ఒడియావాళ్లనుకుని పలకరించేవారు, మేం తెలుగులో మాట్లాడుకోవడం విని తికమకపడేవారు. రాయగడవాళ్లకి ఇది ఎక్కడికెళ్లినా ఉండేదే.

జైసల్మేర్ జిల్లా 38,401 చదరపు కిలోమీటర్లు. మా రాయగడ లాంటి జిల్లాలు అయిదు పడతాయి. వాన చూస్తే ఏడాది మొత్తానికి 20 సెంటీమీటర్లు కూడా ఉండదు. పాకిస్తాన్ సరిహద్దు కాబట్టి మనసు పుట్టిన చోటికల్లా బండి తిప్పుకుని పోతామంటే కుదరదు. సరిహద్దు దగ్గరి ఊళ్లకి బయటివాళ్లు వెళ్లాలంటే అనుమతి ఉండాలి. మా ఆధార్ కాపీలు, బండి ఆర్‌సీలు ముందే పంపించుకుని ఆ పనులన్నీ గైడే చూసుకున్నాడు. లోపలికెళ్తే ఫోన్ సిగ్నల్ ఉండదు, శాటిలైట్ ఫోను లైసెన్సు లేకుండా మన దేశంలో పట్టుకుని తిరగడం నేరం. ఇక మిగిలింది బండికొక వాకీటాకీ. ఒక్కటే షరతు: ముందు బండి చెప్పింది వెనక బండి విన్నానని పలకాలి.

గైడ్ యాభై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల ఊళ్లోనే పుట్టి పెరిగాడు. తలపాగా, మాసిన జాకెట్టు, పాత మారుతి జిప్సీ. మర్యాదకి ఎవరినైనా "హుకుం" అనే పిలుస్తాడు. రెండో పూటకల్లా మా బావ కూడా వాకీటాకీలో "హుకుం, హుకుం" అనడం మొదలెట్టాడు. నగరాల నుంచి వచ్చినవాళ్లు కొందరు ఖరీదైన పెద్ద బళ్లు తెచ్చారు. ఆ జిప్సీని చూసి వాళ్ల మొహాల్లో కాస్త చులకన కనిపించింది. టన్ను బరువుండే జిప్సీ ఇసుక మీద తేలిపోతుందనీ, రెండు టన్నులు దాటిన బండి తన బరువుతో తానే దిగబడుతుందనీ వాళ్లకి మధ్యాహ్నానికి అర్థమైంది.

తారు రోడ్డు దిగగానే చేయించిన మొదటి పని టైర్లలో గాలి తీయించడం. 30 ఉన్నదాన్ని 15కి దించమన్నాడు. బావ ఒప్పుకోలేదు. "గాలి తక్కువైతే టైరు వేడెక్కి పేల్తాది. ముప్పయ్యేళ్ల నుంచి చూస్తన్నాను, నాకు చెప్తాడేటి?" అన్నాడు మాతో. గైడ్ వాదించలేదు. కింద కూర్చుని బొటనవేలు నిలువుగా ఇసుకలో గుచ్చాడు, కణుపు దాకా దిగిపోయింది. తర్వాత పక్కనే అరచెయ్యి పరిచి అంతే బలంగా నొక్కాడు. వేళ్ల అచ్చు పడింది తప్ప చెయ్యి దిగలేదు. బావ ఏమీ అనకుండా వెళ్లి వాల్వు మూత విప్పాడు. పావుగంటలో మా టైర్లన్నీ అడుగున నొక్కుకుపోయిన పూర్ణం బూరెల్లా తయారయ్యాయి. బావ చెప్పిందీ అబద్ధం కాదు. అదే గాలితో తారు మీద వేగంగా పోతే టైరు నిజంగానే పేలుతుంది, అందుకే రోడ్డెక్కగానే కంప్రెసర్‌తో నింపాలి. ఇసుకలో కూడా స్టీరింగు గట్టిగా కోస్తే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. మలుపు తిరగాలంటే పొలం చుట్టూ తిరిగినంత తీరిగ్గా తిరగాలి.

పొట్టంగి ఘాట్‌లో బండి నేర్చుకున్నవాళ్లకి ఈ డ్రైవింగు అడ్డదిడ్డంగా అనిపిస్తుంది. ఘాట్‌లో గేరు పట్టుకుని, అవసరమైనప్పుడు బ్రేకు తొక్కుతూ ప్రాణాలు కాపాడుకుంటాం. ఇసుకలో బ్రేకు తొక్కితే టైరు ముందు చిన్న గట్టు లేస్తుంది, మళ్లీ కదలాలంటే ఆ గట్టు ఎక్కి దాటాలి. అందుకని కాలు తీసేసి బండిని దానంతటదే ఆగనివ్వాలి, అదీ ముందుభాగం పల్లం వైపు ఉండేలా. ఎత్తు ఎక్కుతూ మధ్యలో గేరు మార్చకూడదు. క్లచ్చు తొక్కిన ఆ అరక్షణంలోనే ఊపు చచ్చిపోతుంది. ఏ గేరులో ఎక్కాలో కిందే తేల్చుకోవాలి. నాగావళి ఇసుకలో ట్రాక్టర్లు కూరుకుపోవడం మేం చూసిందే గానీ, అది తడి ఉన్న ఇసుక. ఇక్కడిది గుప్పిట్లో పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది.

అసలు విద్య దిబ్బల దగ్గర ఉంది. గాలి ఒక వైపు నుంచి ఇసుకను నెట్టుకొస్తుంది కాబట్టి ఆ వైపు వాలు మెల్లగా, గట్టిగా ఉంటుంది. కొన దాటాక అవతలి వైపు ఇసుక జారిపడి, ముప్పై డిగ్రీలు దాటిన వాలుతో వదులుగా నిలబడుతుంది. మెల్లటి వైపు నుంచి ఎక్కి జారుడు వైపు దిగొచ్చు, అటు నుంచి ఇటు ఎక్కడం చాలాసార్లు కుదరదు. అంటే ఒక పల్లంలోకి దిగే ముందే అందులోంచి బయటపడే దారి చూసుకోవాలి. గైడ్ ప్రతి పెద్ద దిబ్బ దగ్గరా జిప్సీ ఆపి, కాలినడకన కొనకెక్కి, అవతల చూసి, కొన్నిసార్లు తల అడ్డంగా ఊపి వెనక్కి వచ్చేవాడు. అంత దూరం వచ్చి వెనక్కి తిప్పుకోవడం కుర్రాళ్లకి నచ్చలేదు. నాకు మాత్రం ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే. దిగేటప్పుడు ముక్కుసూటిగా, మొదటి గేరులో, బ్రేకు జోలికి పోకుండా దిగాలి. బండి వెనకభాగం పక్కకి జారుతుంటే బ్రేకు కాదు, కాస్త యాక్సిలరేటరు ఇచ్చి ముక్కును పల్లానికి తిప్పాలి. అడ్డంగా తిరిగిందా, దొర్లుడే.

ప్రతి బండికీ పొడుగాటి కర్ర మీద ఎర్ర జెండా కట్టించాడు. ఊరేగింపులా ఉందని మా తమ్ముడు నవ్వాడు గానీ, అవతలి వాలు మీద ఎదురొచ్చే బండి కొన దగ్గర కనపడేది ఆ జెండా వల్లే. వేళ సంగతి ఇంకోటి. పొద్దున్న చలికి, మంచుకి ఇసుక బిగిసి ఉంటుంది. ఎండెక్కేసరికి అదే దిబ్బ మెత్తబడుతుంది. పైగా నడినెత్తిన సూర్యుడుంటే నీడలుండవు. ఎత్తేదో పల్లమేదో తెలియకుండా మొత్తం ఒకే తెల్లటి పరుపులా కనిపిస్తుంది. అందుకే పన్నెండు నుంచి మూడింటి దాకా బళ్లు కదలనిచ్చేవాడు కాదు.

ఆ మాట వినని పెద్ద బండి ఒకటి మధ్యాహ్నం తిండి కాగానే పక్క దిబ్బ ఎక్కింది. ఊపు సరిగ్గా కొన మీద అయిపోయింది. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు, పొట్ట కొన మీద ఆనించుకుని బండి నిలబడిపోయింది. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ నాలుగు చక్రాలూ గోతులు తవ్వుకుంటున్నాయి. గైడ్ పరుగెత్తుకెళ్లి ముందు ఇంజను ఆపించాడు. ఆ తర్వాతంతా పారపనే. పొట్ట కింద ఇసుక చేతులతో లాగి, చక్రాల ముందు దారి చెక్కి, పళ్లున్న ప్లాస్టిక్ పలకలు దూర్చాం. వెనక నుంచి సాగే తాడు కట్టి ఇంకో బండితో లాగించాడు. ఆ బండివాళ్లు తాడును ట్రెయిలర్ తగిలించే గుండుకి కట్టబోతే ఒక్క అరుపు అరిచాడు. ఆ గుండు ఊడిందంటే తూటాలా వస్తుంది, మనుషులు పోయిన సందర్భాలున్నాయి. చాసిస్‌కి ఉన్న కొక్కేనికే కట్టాలి. అందర్నీ దూరంగా నిలబెట్టాక లాగించాడు. బండి దిగింది. బావ చేతులు దులుపుకుంటూ, "మన దగ్గర జేసీబీ వాడికి ఫోను చేస్తే అయిపోను" అన్నాడు.

ఈ యాత్రకి గైడ్ ఎందుకు, మ్యాప్ ఉంటే చాలు కదా అని అడిగేవాళ్లుంటారు. మ్యాప్‌లో ఖాళీగా కనిపించే నేల నిజానికి ఖాళీ కాదు. ఒక పక్క డెజర్ట్ నేషనల్ పార్క్, 3,162 చదరపు కిలోమీటర్లు. అక్కడ బట్టమేక పిట్టలున్నాయి. మన నంద్యాల జిల్లా (ఇదివరకటి కర్నూలు జిల్లా) రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన పక్షే. ఇప్పుడు దేశం మొత్తం వెతికినా నూటయాభైకి మించి ఉండవంటారు. నేల మీదే ఒక్క గుడ్డు పెడుతుంది, గూడు కూడా కట్టదు. ఆ దిక్కుకి గైడ్ ఒక్క చక్రం కూడా వెయ్యనివ్వలేదు. ఇంకో చోట ఎత్తు పల్లాల్లేని చక్కటి మైదానం కనిపిస్తే తమ్ముడు బండి అటు తిప్పబోయాడు. అది ఓరణ్, ఊరి దేవుడి పేర వదిలిన నేల, గొడ్డలి తగలకూడదు, బండి తొక్కకూడదు అన్నాడు గైడ్. నియమగిరి పక్కన పెరిగినవాళ్లం, దేవుడి నేల సంగతి మాకు వేరే చెప్పక్కర్లేదు. చుట్టూ తిరిగి వెళ్లాం.

అక్కడక్కడా జిల్లేడు పొదలు, జమ్మి చెట్లు. అక్కడివాళ్లు ఖేజ్రీ అంటారు. రాత్రి గుడారాల దగ్గర సజ్జరొట్టెతో పాటు పెట్టిన కూరలో సాంగ్రీ ఉంది. అది జమ్మికాయేనని తెలిసి బావ చెయ్యి ఆగిపోయింది. "పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు కదేటి, దీని కాయ తినీవచ్చా?" కరువులో ఈ కాయే మనుషుల్ని బతికించిందని గైడ్ చెప్పాడు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో రాజు మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి ఇల్లాలు చెట్టును కావిలించుకుని ప్రాణం ఇచ్చిందనీ, ఆమె వెనక మొత్తం 363 మంది పోయారనీ కూడా చెప్పాడు. బావ దండం పెట్టుకుని తిన్నాడు. మేం తీసుకెళ్లిన ఆవకాయ గైడ్‌కి వేస్తే, మజ్జిగ అడిగి మరీ తిన్నాడు. ఇసుక దిబ్బలకి పేరుపడ్డ సమ్ అనే ఊరి దగ్గర టూరిస్టు క్యాంపుల్లో రాత్రంతా డీజే మోతంట. ఎడారి దాకా వచ్చి ఆ గోలేమిటో నాకైతే అర్థం కాదు.

ఒక పొద్దున్న గొర్రెల కాపరి ఎదురయ్యాడు. గైడ్‌తో కాసేపు మాట్లాడి, మా బళ్ల వరస చూసి, వీళ్లంతా ఎక్కడికెళ్తున్నారని అడిగాడు. ఎక్కడికీ కాదు, ఊరికే తిరుగుతున్నారన్నాడు గైడ్. కాపరి మా బావ వైపు చూశాడు. బావకి నిజంగా సిగ్గేసింది. "నీళ్లున్నాయా అని అడగండిరా, ఏదో ఒక పనుంది అన్నట్టుంటాది" అన్నాడు. మా డబ్బాలో నీళ్లు కాపరి తిత్తిలో పోశాం. ఆ కాస్తకే బావ మొహంలో కళ వచ్చింది, లోడు దింపినట్టు. తారు మీద లీటరుకి 12 ఇచ్చే బండి ఇసుకలో 5 కూడా ఇవ్వలేదన్న లెక్క మాత్రం ఆయన చివరిదాకా వదల్లేదు.

చివరి మజిలీ లోంగేవాలా. 1971 డిసెంబరు 4 రాత్రి పాకిస్తాన్ ట్యాంకులు ఇక్కడికి వచ్చినప్పుడు మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ దగ్గర ఉన్నది పంజాబ్ రెజిమెంట్ 23వ బెటాలియన్ కంపెనీ ఒక్కటే, సుమారు 120 మంది. తెల్లవారాక జైసల్మేర్ నుంచి మన హంటర్ యుద్ధ విమానాలు వచ్చేదాకా వాళ్లు నిలబడ్డారు. దారి తప్పి పక్కకి దిగిన ట్యాంకులు మెత్తటి ఇసుకలో కూరుకుపోయి, పొద్దున్న విమానాలకి గురిపెట్టినట్టు దొరికాయి. రాత్రిళ్లు ఎగిరే సదుపాయం ఆ హంటర్లకి లేదు. ఇదంతా ఇదివరకు విన్నదే అయినా, నాలుగు పూటలు ఆ ఇసుకలో పార పట్టాక వింటే వేరేగా ఉంటుంది. అక్కడ నిలబెట్టిన ట్యాంకు చుట్టూ బావ ఒక రౌండు వేసి, ఇనప గొలుసు చక్రాల మీద చెయ్యి వేసి అన్నాడు: "ఈటికి గాలి తీద్దారంటే టైర్లే లేవు కదేటి."

అక్కడి నుంచి రామ్‌గఢ్ మీదుగా జైసల్మేర్ దాకా తారు రోడ్డే. ట్యాంకు నింపించుకుని జోధ్‌పూర్ దారి పట్టాం. తిరుగుబండికి ఏదైనా సరుకు దొరుకుతుందేమోనని బావ దారిపొడుగునా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.