బీచ్ రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు: మే నుంచి సెప్టెంబరు దాకా

విశాఖలో ఏ వీధి పట్టుకున్నా ఎక్కడో ఒకచోట ఎత్తు తగులుతుంది. నలభై నాలుగేళ్లకు పరుగు మొదలుపెట్టిన నాలాంటివాడికి చదునైన దారి కావాలంటే ఆర్కే బీచ్ రోడ్డే గతి. తెల్లవారుజామున కాసేపు బండ్లు రానివ్వరు, రోడ్డంతా మనదే. మనదే అంటే నడిచేవాళ్లది, సైకిళ్లది, స్కేటింగ్ పిల్లలది, పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలది, కుక్కలది.

మే రెండో వారంలో కుర్సురా సబ్‌మెరైన్ ముందు మొదలుపెట్టి వుడా పార్కు వైపు పరిగెత్తాను. (పేరు మారినా మా నోట్లో అది ఇంకా వుడా పార్కే.) మొదటి రోజే ఒళ్లు తేలిపోయినట్టు అనిపించింది. ఇంత సులువా అనుకున్నాను. వెనక్కి తిరిగాక రెండు వందల మీటర్లకే ఆగిపోయి, సబ్‌మెరైన్ దాకా ఈడ్చుకుంటూ నడిచాను. పది రోజులు ఇదే తంతు. రోజూ అక్కడ కనిపించే ఒక పెద్దాయన చూసి చూసి, "ఏటి బాబూ, గాలి తోస్తంటే పరిగెడతన్నావు, నీ కాళ్లు కాదు" అన్నారు.

నిజమే. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. ఎండాకాలంలో, వానాకాలంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది. అంటే పార్కు వైపు వెళ్తుంటే వీపున తోస్తుంది, తిరిగి వస్తుంటే ఛాతీ మీద తంతుంది. చదునైన రోడ్డు మీద నాకు ఎదురైన ఎత్తు ఇదే. మర్నాటి నుంచి దిక్కు మార్చాను. ముందు కాళీమాత గుడి వైపు, గాలికి ఎదురుగా. అలసిపోయాక గాలి సాయంతో వెనక్కి. ఇందులోనూ ఒక చిక్కుంది. గాలి మనతోపాటే వస్తుంటే ఒంటికి తగిలినట్టే ఉండదు, చెమట ఆరదు, ఉక్కపోత రెట్టింపవుతుంది. అయినా నాకు ఇదే నయం. కాళ్లు బాగున్నప్పుడే కష్టం అయిపోతుంది.

జూన్ అంతా ఒకటే లెక్క: 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, అలా 8 సార్లు. మొత్తం 24 నిమిషాలు, వారానికి 3 రోజులు. వేగం ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. పరిగెడుతూ పదమూడో ఎక్కం పైకి చెప్పుకుంటాను. నాలుగో మెట్టు దగ్గరే ఊపిరి తెగితే వేగం తగ్గించాల్సిందే. చూసేవాళ్లు ఏమనుకుంటారో అని మొదట్లో సిగ్గుపడ్డాను. ఇప్పుడు లేదు.

చెమట గురించి చెప్పాలి. మన ఊళ్లో గాలిలోనే తడి నిండి ఉంటుంది కదా, చెమట కారుతుందే కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఒకరోజు పరుగుకు ముందూ తర్వాతా తూకం చూసుకుంటే 700 గ్రాములు తగ్గాను. మా ఆవిడ సంబరపడింది. కొవ్వు కాదు, అన్నీ నీళ్లే. అప్పటి నుంచి ఇంటికి రాగానే ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు. కాటన్ బనీను మానేశాను, తడిస్తే బరువెక్కి చంకల దగ్గర ఒరుసుకుపోతుంది. అక్కడ కాస్త కొబ్బరి నూనె రాస్తే మంట ఉండదు.

జూలైలో ఎడమ కాలి ముంగాలి ఎముక వెంట నొప్పి. పది రోజులు పరుగు బంద్, నడక మాత్రమే. షూలు పాతవి కావు. ఆలోచిస్తే ఒకటి తట్టింది. వాన నీళ్లు పోవడానికి రోడ్డు అంచుల వైపు వాలుగా వేస్తారు. నేను క్రమశిక్షణ కలవాడిని కాబట్టి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎడమ అంచునే పట్టుకునేవాడిని. రోజూ ఎడమ కాలు కాస్త పల్లంలో పడేది. కారణం అదేనని డాక్టరేమీ చెప్పలేదు, నా అనుమానం. బండ్లు లేని వేళ కాస్త మధ్యకి జరిగి పరిగెత్తడం మొదలుపెట్టాక నొప్పి తిరిగి రాలేదు. ఫుట్‌పాత్ టైల్స్ జోలికి మాత్రం పోను. వాన పడితే జారుడుబల్లే.

నలుగురు చేయీ చేయీ పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నడుస్తుంటే వెనక నుంచి ఉలిక్కిపడేలా దూసుకుపోకూడదు. కాస్త ముందుగానే "కుడి పక్కండీ" అంటాను. ఇయర్‌ఫోన్ ఒక చెవికే, రెండో చెవి సైకిళ్ల కోసం. కుక్క వెంటపడితే పరిగెత్తడం ఆపి నడుస్తాను. ఇంతవరకూ పని చేసింది.

ఆగస్టులో 10 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక. సెప్టెంబరు మొదటి ఆదివారం ఆగకుండా 5 కిలోమీటర్లు, 41 నిమిషాలు. చివరి కిలోమీటరులో ఒక స్కూలు పిల్ల నన్ను దాటిపోయింది, అదీ కబుర్లు చెబుతూ.

తర్వాతది తెన్నేటి పార్కు దగ్గరి ఎక్కుడు. కానీ దానికి ముందు ఇంకో మార్పు ఉంది. కార్తీకం వచ్చేసరికి గాలి ఈశాన్యం నుంచి మొదలవుతుంది. అప్పుడు ముందు వుడా పార్కు వైపే పోవాలి. బయలుదేరే ముందు ఇసుకలోకి దిగి పిడికెడు ఇసుక వదిలి చూస్తున్నాను, ఇంకా గుడి దిక్కు నుంచే వీస్తోంది.