మిల్లు కాంటా దగ్గర ఆరేళ్ల కొలువు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లతో ట్రాక్టర్లు బారులు తీరే మిర్యాలగూడలో, ఒక రైస్ మిల్లు కాంటా దగ్గర నేను ఆరేళ్లుగా గుమస్తాగా పని చేస్తున్నాను. జీతం ఏ నెలా ఆగలేదు. అమ్మకు ఆపరేషన్ జరిగినప్పుడు యజమాని నేను అడగకుండానే అడ్వాన్సు ఇచ్చి, నెలనెలా కొద్దికొద్దిగా పట్టుకున్నారు. ఆ మేలు మరువలేనిది.

అయితే యాసంగి కోతలు మొదలైతే ఇంటి ముఖం చూడటమే కష్టం. అర్ధరాత్రి రెండు గంటలకు కూడా గుప్పెడు గింజలు తేమ యంత్రంలో పోసి అంకె చదవాలి; అది 17 శాతం దాటిందంటే వడ్లలో తేమ ఎక్కువున్నట్టే, రెండు రోజులుగా వరుసలో ఉన్న రైతు ముఖం వాడిపోతుంది, ఆ బాధ నాకూ అంటుకుంటుంది. ఫ్యాక్టరీల్లో అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలని చట్టం 1948 నుంచీ చెబుతున్నా, మాకు టీ, టిఫిన్ తప్ప పైసా అందదు. వచ్చే సీజన్‌కు ముందే ఈ విషయం యజమానితో ముఖాముఖి మాట్లాడదలచుకున్నాను.