నెమ్మదిగా అడిగితేనే బదులిచ్చే ఇంజను

మా ఇంట్లో 2001 మోడల్ టొయోటా క్యామ్రీ ఉంది. ఎం.ఎస్. చదవడానికి కాలిఫోర్నియాకు వచ్చిన తొలి ఏడాదిలో, చదువు ముగించుకుని వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతున్న ఒక సీనియర్ దగ్గర దానిని కొన్నాను. ఉద్యోగం వచ్చాక చాలామంది స్నేహితులు కార్లు మార్చారు కాని, నాకు ఆ 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను మీద నమ్మకం, మమకారం రెండూ పెరుగుతూనే వచ్చాయి. పాత క్యాసెట్ ప్లేయర్ చెడిపోయినప్పుడు ఆ ఖాళీలో రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటరునూ, ఏడంగుళాల తెరనూ అమర్చుకున్నాను. పాటలు, మ్యాపులు ఒక వారంలోనే పనిచేయడం మొదలుపెట్టాయి. ఆ కంప్యూటరును కారు ఇంజనుతో మాట్లాడించడానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది. పాత కారు ఉన్నవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మే ప్రతి కారుకూ ఓబీడీ–2 అనే, కారు తన లోపాలను తానే గుర్తించి చెప్పే డయాగ్నస్టిక్ వ్యవస్థ ఉండి తీరాలన్న నిబంధన ఉంది. స్టీరింగు కింద, మోకాలికి దగ్గరలో కనిపించే పదహారు పిన్నుల సాకెట్ అదే. సాకెట్ ఆకారం అన్ని కార్లలోనూ ఒకటే కాబట్టి లోపలి భాష కూడా ఒకటే అయి ఉంటుందని నేను అనుకున్నాను. నా మొదటి పొరపాటు అదే. తొలినాళ్ళలో జనరల్ మోటార్స్ ఒక పద్ధతినీ, ఫోర్డ్ మరొక పద్ధతినీ వాడగా, ఆసియా, ఐరోపా కంపెనీలు ఎక్కువగా ఐఎస్ఓ 9141–2 అనే పద్ధతిని అనుసరించాయి. అన్ని కార్లూ క్యాన్ అనే వేగవంతమైన ఒకే పద్ధతికి రావాలన్న నిబంధన 2008 మోడల్ నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. నా క్యామ్రీ మాట్లాడేది ఐఎస్ఓ 9141–2. ఇందులో సమాచారమంతా ఏడో పిన్నుకు కలిసిన కె–లైన్ అనే ఒకే తీగ మీద, పన్నెండు వోల్టుల స్థాయిలో, సెకనుకు 10,400 బిట్ల వేగంతో నడుస్తుంది. కొత్త కార్లలోని క్యాన్ వేగం సాధారణంగా సెకనుకు 5 లక్షల బిట్లు.

మొదట ఆన్‌లైన్‌లో దొరికిన, ఆ సాకెట్‌కూ కంప్యూటరుకూ మధ్య దుబాసీగా పనిచేసే అతి చౌక బ్లూటూత్ అడాప్టరును కొన్నాను. అది స్నేహితుడి కొత్త కారులో వెంటనే పనిచేసింది, నా కారులో మాత్రం ఎంతసేపటికీ "కనెక్ట్ కాలేదు" అనే సందేశమే ఇచ్చింది. కారు కంప్యూటరే చెడిపోయిందేమోనని రెండు వారాలు దిగులు పడ్డాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఇలాంటి అడాప్టర్లకు మూలం కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ రూపొందించిన ఈఎల్ఎం327 అనే చిప్పు. దాని తొలి రూపానికి నకలు నిరోధక రక్షణ లేకపోవడంతో లెక్కలేనన్ని నకళ్ళు పుట్టుకొచ్చాయి. ఆ కంపెనీ 2022లో మూతపడినా నకళ్ళు మాత్రం ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో ఖర్చు తగ్గించడానికి కె–లైన్‌కు అవసరమైన భాగాలను వదిలేస్తారు. కొత్త కారుకు వాటితో ఇబ్బంది ఉండదు, పాత కారుకు మాత్రం అవి మూగవే. అందుచేత పాత కారు కోసం అడాప్టరు కొనేవారు ఐఎస్ఓ 9141–2 పేరును అమ్మకందారు స్పష్టంగా రాశారో లేదో చూసుకోవాలి. వీలైతే బ్లూటూత్ బదులు యూఎస్‌బీ తీగ ఉన్నదే తీసుకోవాలి. నేను రెండోసారి అలాంటిదే కొన్నాను, అది ఇప్పటికీ పనిచేస్తోంది.

సరైన అడాప్టరు వచ్చాక కూడా సంభాషణ మొదలయ్యే తీరు నాకు ఆశ్చర్యం కలిగించింది. పరికరం ముందుగా 33 అనే చిరునామాను సెకనుకు ఐదు బిట్ల వేగంతో పంపుతుంది. ప్రారంభ, ముగింపు సంకేతాలతో కలిపి పది బిట్లు కాబట్టి ఆ ఒక్క పలకరింపుకే రెండు సెకన్లు పడుతుంది. దానికి కారు 55 అనే బైటుతో బదులిచ్చి, ఆ వెనుకే రెండు సంకేత పదాలను పంపిస్తుంది. పరికరం రెండో పదాన్ని తలకిందులు చేసి (సున్నాలను ఒకట్లుగా, ఒకట్లను సున్నాలుగా మార్చి) తిప్పి పంపితే, కారు తన చిరునామాను తలకిందులు చేసి పంపి అంగీకారం తెలుపుతుంది. ఈ మర్యాదలన్నీ పూర్తయితే తప్ప ఒక్క ప్రశ్న కూడా అడగడానికి వీలుండదు. ఆ తర్వాత ఐదు సెకన్లు మౌనంగా ఉంటే కారు సంభాషణ ముగిసిందని భావిస్తుంది, మళ్ళీ మొదటి నుంచి పలకరించాలి. నా ప్రోగ్రాము మొదట్లో అడాప్టరుకు "ప్రొటోకాల్ నువ్వే వెతుక్కో" అని చెప్పేది. అందువల్ల ప్రతిసారీ అన్ని పద్ధతులనూ ప్రయత్నించి చాలా సమయం వృథా చేసేది. ఏటీఎస్‌పీ 3 అనే ఆజ్ఞతో ఐఎస్ఓ 9141–2ను నేరుగా నిర్ణయించాక, తాళం తిప్పిన నాలుగైదు సెకన్లలోనే అనుసంధానం కుదరడం మొదలైంది.

ఇక వేగం విషయం. తెర మీద పది మీటర్ల ముళ్ళు గిరగిరా తిరుగుతూ ఉండాలని నేను ఊహించుకున్నాను. కాని ఐఎస్ఓ 9141–2 ప్రకారం పరికరం పంపే ప్రతి బైటుకూ మధ్య కనీసం 5 మిల్లీసెకన్ల విరామం ఉండాలి, కారు బదులు ఇవ్వడానికి 25 నుంచి 50 మిల్లీసెకన్లు తీసుకోవచ్చు, ఆ బదులుకూ తర్వాతి ప్రశ్నకూ మధ్య కనీసం 55 మిల్లీసెకన్లు ఆగాలి. అన్నీ కలిపితే ఆచరణలో సెకనుకు ఐదారు ప్రశ్నలకు మించి అడగడం కష్టం. పైగా క్యాన్‌లో మాదిరిగా ఒకే అభ్యర్థనలో ఆరు విలువలను అడిగే వెసులుబాటు ఇక్కడ లేదు. నాకు మాత్రం సెకనుకు మూడు బదుళ్ళే వచ్చేవి. ఒక బదులు వచ్చాక కూడా ఇంకేదైనా వస్తుందేమోనని అడాప్టరు ఎదురుచూడటమే దానికి కారణమని చాలా రోజుల తర్వాత గ్రహించాను. ఇంజను వేగాన్ని అడిగే 010సి అనే ప్రశ్న చివర 1 చేర్చి 010సి1 అని పంపితే, ఒక్క బదులు రాగానే అడాప్టరు ఎదురుచూపు మానేస్తుంది. ఆ ఒక్క అంకెతో నా వేగం దాదాపు రెట్టింపయింది.

అప్పటి నుంచి నా ఆలోచన మారింది. కారు ఇంత నెమ్మదిగా చెబుతున్నప్పుడు, ఏది తరచుగా అడగాలి, ఏది అప్పుడప్పుడు అడిగితే చాలు అని నిర్ణయించుకోవడమే నా పని అని అర్థమైంది. ఇంజను వేగం, కారు వేగం, ఇన్‌టేక్ మానిఫోల్డులోని (ఇంజనులోకి గాలిని తీసుకెళ్ళే గొట్టాలలోని) పీడనం ప్రతి ఆవృత్తిలోనూ అడుగుతాను. లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత పది సెకన్లకు ఒకసారి, ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ ఉష్ణోగ్రత ఇరవై సెకన్లకు ఒకసారి చాలు. వేడి నీరు క్షణాల్లో చల్లబడదు కదా. నా భార్య ఒకరోజు తెర చూసి, "ఏమండీ, బండి నడిపేటప్పుడు ఈ అంకెలన్నీ ఎవరు చదువుతారు? ఇంటికి వచ్చాక చూసుకోవచ్చు కదా," అంది. ఆ మాట సబబుగా తోచి, నడుస్తున్నప్పుడు తెర మీద మూడు విలువలు మాత్రమే పెద్ద అక్షరాలలో కనిపించేటట్లు మార్చి, మిగిలినవన్నీ ఫైలులోకి మాత్రమే వెళ్ళేటట్లు చేశాను.

పీడనాన్ని ఎందుకు అంత తరచుగా అడుగుతున్నానో చెప్పాలి. మైలేజీ లెక్కించే చాలా ప్రోగ్రాములు ఇంజనులోకి వెళ్ళే గాలి ద్రవ్యరాశిని 0110 అనే ప్రశ్నతో నేరుగా అడుగుతాయి. నా కారులో ఆ సెన్సారు లేదు, మానిఫోల్డు పీడనాన్ని కొలిచే సెన్సారు మాత్రమే ఉంది. కాబట్టి గాలి పరిమాణాన్ని మనమే లెక్కకట్టాలి. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలిని పీలుస్తుంది. దానిని పీడనంతో గుణించి, కెల్విన్‌లలో ఉష్ణోగ్రతతో భాగించి, వాయు స్థిరాంకాన్ని, గాలి అణుభారాన్ని చేర్చితే ద్రవ్యరాశి వస్తుంది. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 0.8 వంటి ఒక గుణకాన్ని కూడా వాడాలి. ఉదాహరణకు ఇంజను నిమిషానికి 2,200 చుట్లు తిరుగుతూ, పీడనం 60 కిలోపాస్కల్‌లు, గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉంటే సెకనుకు సుమారు 22 గ్రాముల గాలి లోపలికి వెళ్తుంది. 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు చొప్పున లెక్కిస్తే గంటకు సుమారు 7.2 లీటర్లు, ఆ సమయంలో కారు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే లీటరుకు దాదాపు 14 కిలోమీటర్ల మైలేజీ. ఆ 0.8 అనే గుణకం నా ఊహ మాత్రమే. దానిని సరిచేయడానికి నాలుగుసార్లు ట్యాంకు నింపి, బంకు రసీదులోని పరిమాణాన్ని నా లెక్కతో పోల్చి చూశాను. ఇక్కడి పెట్రోలులో సాధారణంగా పది శాతం ఇథనాల్ కలిసి ఉండటం వల్ల వచ్చే తేడా కూడా ఆ గుణకంలోనే సర్దుకుపోయింది.

ఈ శ్రమకు తగిన ఫలితం ఆ డిసెంబరులో కనిపించింది. మైలేజీ ఎందుకో తగ్గుతోందని గ్రాఫులు గీసి చూస్తే, హైవే మీద స్థిరమైన వేగంతో వెళ్తున్నప్పుడు కూలెంట్ ఉష్ణోగ్రత 68, 70 డిగ్రీలకు పడిపోతోంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు మాత్రం పైకి వస్తోంది. ఈ ఇంజనులో కూలెంట్ ప్రవాహాన్ని అదుపుచేసే కవాటం, అంటే థర్మోస్టాట్, సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. అది మూసుకోకుండా తెరిచే ఉండిపోయిందనడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు అక్కర్లేదు. డాష్‌బోర్డులోని ముల్లు దాదాపు ఎప్పటి చోటనే ఉంది, చెక్ ఇంజన్ దీపం వెలగలేదు. ఇంజను ఇంకా వేడెక్కలేదనుకుంటే కంప్యూటరు పెట్రోలును కాస్త ఎక్కువగా ఇస్తుంది. ఒక శనివారం ఉదయం థర్మోస్టాట్‌ను, దాని రబ్బరు రింగును నేనే మార్చాను. మర్నాటి గ్రాఫులో ఆ గీత 85 డిగ్రీల దగ్గర నిలకడగా సాగడం చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంత అని చెప్పలేను.

విద్యుత్తు విషయంలో మాత్రం నేను పెద్ద పొరపాటు చేశాను. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటే, స్టార్టర్ తిరిగే క్షణంలో ఆ సాకెట్‌కు సరఫరా ఆగి రాస్ప్‌బెర్రీ పై మళ్ళీ మొదటి నుంచి లేస్తుంది. అలా అకస్మాత్తుగా ఆగి ఆగి ఒక మెమరీ కార్డు పాడయింది. దానికి విరుగుడుగా, డయాగ్నస్టిక్ సాకెట్ పదహారో పిన్నులో ఎప్పుడూ ఉండే బ్యాటరీ సరఫరాకు కలిపేశాను. రాస్ప్‌బెర్రీ పై, అడాప్టరు కలిసి తీసుకునేది ఆంపియరులో నాలుగో వంతు మాత్రమే అయినా, అది రోజుకు ఆరు ఆంపియర్–గంటలు. మూడు వారాలు విజయవాడ వెళ్ళి వచ్చేసరికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంది. ఇప్పుడు 2 ఆంపియర్ల ఫ్యూజుతో, కార్లకోసమే తయారైన కన్వర్టరుతో, ఇగ్నిషన్ తీగను గమనించే ఒక రిలేతో (తనంతట తానే పనిచేసే స్విచ్చుతో) ఏర్పాటు చేసుకున్నాను. తాళం తీసిన వెంటనే రాస్ప్‌బెర్రీ పైకి ఆగిపొమ్మని సంకేతం అందుతుంది, నిమిషం తర్వాత రిలే సరఫరాను పూర్తిగా తెంచేస్తుంది. ఆ రిలే లేకుండా ఎవరూ ఈ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఆ ప్రయాణంలోనే మా బావమరిది తన 2006 నాటి కారు చూపించి, "బావా, దీనికీ పదహారు రంధ్రాల సాకెట్ ఉంది, నీ ఏర్పాటే నాకూ చేసిపెట్టవా?" అని అడిగాడు. నేను తీసుకెళ్ళిన అడాప్టరుకు ఆ కారు పలకలేదు. భారతదేశంలో ఓబీడీ–1 నిబంధన 2010 ఏప్రిల్ నుంచి, ఓబీడీ–2 నిబంధన 2013 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు తయారైన కార్లలో సాకెట్ ఉన్నా, కె–లైన్ ఉన్నా, లోపల ఆ కంపెనీ సొంత భాషే ఉండవచ్చు. అలాంటి కారుకు ఆ కంపెనీ స్కానరో, అదే మోడల్ యజమానులు కనిపెట్టిన ప్రశ్నల పట్టికో కావాలి. కొనేముందు అడాప్టరును అరువు తెచ్చుకుని పరీక్షించడం మేలని వాడికి చెప్పాను.

బ్యాటరీ చచ్చిపోవడం వల్ల మరొక చిక్కు వచ్చింది. కాలిఫోర్నియాలో మా కారుకు రెండేళ్ళకొకసారి స్మాగ్ పరీక్ష, అంటే పొగ కాలుష్య పరీక్ష చేయించాలి. 2000 మోడల్ నుంచి వచ్చిన పెట్రోలు కార్లకు ఆ పరీక్షను ప్రధానంగా ఈ సాకెట్ ద్వారానే చేస్తారు. కారు కంప్యూటరు పొగను శుద్ధిచేసే తన క్యాటలిస్టును, ఆక్సిజన్ సెన్సార్లను తానే పరీక్షించుకుని ముగించిందా అని అడుగుతారు. పెట్రోలు ఆవిరికి సంబంధించిన ఒక్కదానికి తప్ప అసంపూర్ణత అంగీకరించరు. బ్యాటరీ పోయినప్పుడు నా కారులో ఆ పరీక్షలన్నీ మళ్ళీ మొదటికి వచ్చాయి, గడువు పది రోజులే ఉంది. అప్పుడు 0101 అనే ప్రశ్నను ప్రోగ్రాములో చేర్చాను. దానికి వచ్చే నాలుగు బైట్లలో మూడోది ఏ పరీక్షలు ఉన్నాయో, నాలుగోది వాటిలో ఏవి మిగిలి ఉన్నాయో చెబుతుంది. ప్రతి ఉదయం చల్లని ఇంజనుతో బయలుదేరి, హైవే మీద స్థిరమైన వేగంతో కొంతసేపు నడిపి, ఆ నాలుగో బైటును చూసుకునేవాణ్ణి. మొదట ఆక్సిజన్ సెన్సార్లవి పూర్తయ్యాయి. ఆరో రోజున క్యాటలిస్టు బిట్టు కూడా సున్నా అయింది. ఆ రోజు దారిలోనే ఆగి, అడాప్టరును సాకెట్ నుంచి ఊడదీసి, స్మాగ్ కేంద్రం వైపు కారు తిప్పాను.