హెమింగ్రే 40 వచ్చేసింది

పార్సిల్ విప్పి నలిగిన కాగితాలు లాగేకొద్దీ వస్తూనే ఉన్నాయి. చివరికి చేతికి చల్లగా తగిలింది. పగల్లేదు, హమ్మయ్య!

హెమింగ్రే కంపెనీ చేసిన 40 నంబరు గాజు ఇన్సులేటర్. ఒకప్పుడు అమెరికాలో స్తంభాల మీద తీగలు మోస్తూ, కరెంటు స్తంభంలోకి పోకుండా ఆపింది. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు. అంచు కింద వరసగా చిన్న చిన్న బొడిపెలు. వాననీరు అక్కడ నిలవకుండా చుక్కలై రాలిపోవడానికట. ఆ బొడిపెలకు 1893 మే 2న పేటెంట్ కూడా ఉంది! వేలితో తడుముతూ కూర్చున్నా, ఫోన్ మోగినా ఎత్తలేదు.

ఊదా రంగు ఇన్సులేటర్లు అమ్మకానికి కనిపిస్తే మాత్రం నాకు అనుమానమే. మాంగనీస్ కలిసిన గాజు ఏళ్ల తరబడి ఎండ తగిలితే ఊదాకు తిరుగుతుంది, నిజమే. కానీ రేడియేషన్ పెట్టి ముదురు రంగు తెప్పించి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఫొటోలో ఏం తెలుస్తుంది?

ఇంట్లో వాళ్లు దీన్ని పేపర్‌వెయిట్ అంటున్నారు. అననీ.